పాత ఇనుము కొట్టులో అణుధార్మిక వస్తువు కనబడితే ఏం చేయాలి?

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం ప్రతిపాదన వచ్చినప్పటి నుంచి రణస్థలం వైపు అణు ప్రమాదం అనగానే అందరికీ రియాక్టరే గుర్తుకొస్తుంది. పైడిభీమవరం, బొబ్బిలి, గరివిడి వంటి చోట్ల పరిశ్రమల నుంచి పాత ఇనుము కొనేవారు మాత్రం అంతకన్నా ముందు అరచేతిలో ఇమిడే వస్తువు గురించి జాగ్రత్తపడాలి. వెల్డింగు అతుకులను పరీక్షించే పరికరాల్లో ఇరిడియం-192, పాత వైద్య పరికరాల్లో కోబాల్ట్-60, సీజియం-137 అనే, రేడియేషన్ వెలువరించే అణుధార్మిక పదార్థాలు ఉండవచ్చు. వీటితో అణుబాంబు తయారు కాదు. అయితే మామూలు పేలుడు పదార్థానికి జోడించి ఊరి మధ్య వెదజల్లాలనుకునే ఉగ్రవాది వెతికేది ఇలా లెక్క తప్పిన పదార్థాన్నే.

2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలంలో అమ్మిన పాత పరికరాన్ని ఢిల్లీలోని పాత ఇనుము బజారు మాయాపురిలో ముక్కలు చేసినప్పుడు, అందులోని కోబాల్ట్-60 వల్ల ఒక కార్మికుడు చనిపోయాడు. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో పాడుబడ్డ ఆసుపత్రి నుంచి తెచ్చిన యంత్రంలోని సీజియం పొడి చీకట్లో నీలంగా మెరుస్తుంటే, జనం దాన్ని ముచ్చటపడి ఇళ్లకు పంచుకున్నారు; నలుగురు మరణించారు. ఈ రెండు చోట్లా దురుద్దేశం ఎవరికీ లేదు, గుర్తుపట్టగలిగినవారు లేకపోవడమే ప్రాణాలు తీసింది.

కాబట్టి కాటా వేసే ముందే చూడండి. పసుపు రంగు మీద నల్లని లేదా ఊదా రంగు మూడు రెక్కల గుర్తు ఉన్నా, గుర్తు చెరిగిపోయినా పరిమాణానికి మించిన బరువుతో సీసం తొడుగు ఉన్న డబ్బా కనిపించినా, దాన్ని విప్పకండి, గ్యాస్ కటింగుకు ఇవ్వకండి, సుత్తితో కొట్టకండి. రేడియేషన్‌కు రంగూ వాసనా లేవు. దూరమే రక్షణ: రెట్టింపు దూరం జరిగితే దాని తీవ్రత నాలుగో వంతుకు తగ్గుతుంది. అందరినీ కనీసం 30 మీటర్ల అవతలికి పంపి, 112కు ఫోన్ చేసి, మూడు రెక్కల గుర్తు లేదా సీసం డబ్బా ఉందని స్పష్టంగా చెప్పండి. ఫోటో కోసం మళ్లీ దగ్గరకు వెళ్లవద్దు, వాట్సాప్‌లో పెట్టవద్దు. చూడటానికి గుమిగూడే జనమూ దెబ్బతింటారు.

అమ్మినవారి పేరు, ఫోన్ నంబరు, బండి నంబరు రాసిపెట్టుకోవడం ప్రతి కొట్టుకూ అలవాటు కావాలి. అలాంటి డబ్బాలే కావాలని, ఎంత ధరైనా ఇస్తామని ఎవరైనా అడిగితే, పరిచయస్తుడైనా సరే, మన ఊరి కుర్రవాడేలే అని కొట్టిపారేయకుండా పోలీసులకు చెప్పండి. చెప్పవలసింది ఆ మనిషి ఏం అడిగాడన్నదే. అతని మతమో కులమో చూసి అనుమానించడం అన్యాయం, దర్యాప్తును తప్పుదారి పట్టించడం కూడా.

ఆ వస్తువును ముట్టుకున్నవారు పైబట్టలు విప్పి ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి విడిగా పెట్టి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి, అంతవరకు ఏమీ తినకూడదు, బీడీ కాల్చకూడదు. కొన్ని గంటల్లో గానీ తర్వాతి రోజుల్లో గానీ వాంతులైనా, నిప్పు తగలకుండానే చర్మం కాలినట్టు ఎర్రబడినా, ఫలానా రోజున ఫలానా ఇనుప డబ్బాను పట్టుకున్నానని వైద్యునికి ముందే చెప్పాలి. మీరు చెబితే తప్ప ఆ సంగతి ఆయనకు తట్టదు.