ఫోను కొన్న పదో రోజు

కడపలో అద్దె ఇల్లు, నెలకు 28 వేల జీతం. అందులో 6,400 ఈఎంఐలకే పోయేది. కొత్త ఫోను పెట్టె విప్పిన రోజు నన్ను మించినోడు లేడనుకున్నా. పదో రోజుకి అదీ మామూలు ఫోనే అయిపోయింది. కంతులు మాత్రం ఇంకా పదకొండు మిగిలినాయి.

సరుకుల లెక్క రాసే నోటు పుస్తకంలోనే నా ఖర్చులూ రాయడం మొదలుపెట్టినా. వారం తిరిగాక మళ్లీ చదివి, తలచుకుంటే ఇంకా సంతోషం కలిగే వాటికే టిక్కు. యాప్‌లో కొన్న షూకి పడలేదు. ఆదివారం తమ్ముడికి తినిపించిన కారం దోశకి పడింది. బిల్లు కట్టింది నేనే, అదీ విచిత్రం! 2008లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ డన్ బృందం 'సైన్స్' అనే పరిశోధన పత్రికలో ఇట్లాంటిదే రాసింది. చేతికిచ్చిన డబ్బు ఇతరుల కోసం ఖర్చుపెట్టినవాళ్లే ఎక్కువ సంతోషంగా ఉన్నారట, అది 5 డాలర్లయినా 20 అయినా.

యాప్‌లో దాచిన కార్డు వివరాలు తీసేసినా. ప్రతిసారీ పదహారు అంకెలు కొట్టాలంటే సగం కోరికలు అక్కడే చస్తాయి. మిగిలిన డబ్బుతో మాయమ్మను గండికోటకు పిలుచుకపోయినా. జమ్మలమడుగు దాకా బస్సు, అక్కణ్ణుంచి 15 కిలోమీటర్లు ఆటో. పెన్నా లోయ అంచున గాలికి ఎగిరే కొంగు గట్టిగా పట్టుకుని, "ఇంత దగ్గర్లో ఉండి ఇన్నేండ్లు చూడకపోతిమే అబ్బీ" అనింది. ఆ పేజీలో రెండు టిక్కులు పెట్టినా.

పోయిన నెల మళ్లీ ఇయర్‌బడ్స్ కొన్నా. టిక్కు పడలేదు.