లోపం నెట్‌వర్క్‌దా, టూల్ ఆప్షన్‌దా? పింగ్, ఎన్‌మ్యాప్, టీసీపీడంప్, వైర్‌షార్క్‌లకు సమస్య - పరిష్కారం

సర్వర్ పడిపోయిందనో, పోర్టు (ఒక సర్వీసుకు కేటాయించిన సంఖ్య గల ద్వారం) మూసి ఉందనో, ప్యాకెట్లు (డేటా ముక్కలు) రావడం లేదనో టూల్ చెప్పగానే రౌటర్ దగ్గరికి, స్విచ్ దగ్గరికి వెళ్లి కేబుళ్లు పీకి పెట్టడం నెట్‌వర్క్ విభాగాల్లో తరచూ జరిగేదే. నిజానికి ఆ లోపం చాలాసార్లు నెట్‌వర్క్‌లో ఉండదు. టూల్‌కు మనం ఇచ్చిన ఆప్షన్‌లో ఉంటుంది. ఒకే అక్షరం విండోస్‌లో ఒక పని, లినక్స్‌లో మరో పని చేస్తుంది. అడ్మినిస్ట్రేటర్ హక్కులు ఉన్నప్పుడు ఒక రకంగా, లేనప్పుడు ఇంకో రకంగా స్కాన్ జరుగుతుంది. మెనూలో ఒక పేరు మీద నొక్కినప్పుడు దాని వెనుక ఏ కమాండ్ నడిచిందో చూసేవారు తక్కువ. అవతలి యంత్రం పలుకుతోందో చూసే పింగ్, యంత్రాలనూ పోర్టులనూ వెతికే ఎన్‌మ్యాప్, ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్, వైర్‌షార్క్ అన్నింటిలోనూ ఇదే కథ. అందుకే ఇక్కడ ప్రతి లక్షణానికీ ముందు టూల్‌ను పరీక్షించి, ఆ తర్వాతే నెట్‌వర్క్ వైపు వెళ్లే క్రమాన్ని పాటించాను.

కమాండ్లను తెలుగు లిపిలో, పలికే తీరులో ఇచ్చాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే వాడాలి. పెద్ద అక్షరమా, చిన్న అక్షరమా అన్నదాన్ని బట్టి అర్థమే మారిపోతుంది కాబట్టి అవసరమైన చోట ఆ సంగతి విడిగా చెప్పాను. మరొక ముఖ్యమైన విషయం: ఎన్‌మ్యాప్ వంటి స్కానర్లను మీ నిర్వహణలో ఉన్న నెట్‌వర్క్ మీద, సంస్థ రాతపూర్వక అనుమతితోనే నడపాలి. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి, నెట్‌వర్క్‌లోకి ప్రవేశించడాన్ని సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ నిషేధిస్తోంది.

లక్షణం: విండోస్ పింగ్ నష్టం 0 శాతం అంటోంది, కానీ సర్వర్ అందడం లేదు

కారణం: విండోస్ పింగ్ తనకు తిరిగి వచ్చిన ప్రతి సందేశాన్నీ అందినట్టే లెక్కిస్తుంది. అది గమ్యం నుంచి వచ్చిన అసలు జవాబైనా, మధ్యలోని రౌటరో మన కంప్యూటరో ఇచ్చిన "డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" సందేశమైనా ఆ లెక్కలో తేడా ఉండదు. అందువల్ల 4 పంపి, 4 అందుకుని, నష్టం 0 అని చివరి వరుసలో కనిపిస్తుంది. సర్వర్ మాత్రం ఒక్క జవాబూ ఇచ్చి ఉండదు.

పరిష్కారం: చివరి లెక్కను వదిలి, ప్రతి వరుసలో "రిప్లై ఫ్రం" తర్వాత ఉన్న అడ్రస్‌ను చదవండి. అది మీ సొంత కంప్యూటర్ అడ్రస్ అయితే, అవతలి యంత్రం (అది వేరే సబ్‌నెట్‌లో ఉంటే మీ గేట్‌వే రౌటర్) ఏఆర్‌పీ ప్రశ్నకు, అంటే స్థానిక నెట్‌వర్క్‌లో హార్డ్‌వేర్ అడ్రస్ అడిగే ప్రశ్నకు కూడా పలకలేదని అర్థం; అప్పుడు కేబుల్, స్విచ్ పోర్టు, వీలాన్ (స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్), సబ్‌నెట్ మాస్క్ (స్థానిక నెట్‌వర్క్ హద్దును చెప్పే సంఖ్య) ఈ నాలుగింటినీ చూడాలి. అది రౌటర్ అడ్రస్ అయితే సమస్య ఆ రౌటర్ దగ్గరో, దాని అవతలో ఉంది. ఐపీవీ4 అడ్రస్ నుంచి అసలు జవాబు వచ్చిన వరుసలో "టీటీఎల్=" అనే భాగం ఉంటుంది కాబట్టి, సర్వర్లను గమనించే బ్యాచ్ ఫైళ్లలో నష్టం శాతాన్ని కాకుండా ఆ భాగాన్ని వెతికించడం మేలు.

లక్షణం: విండోస్‌లో అలవాటైన పింగ్ ఆప్షన్లు లినక్స్‌లో వింతగా ప్రవర్తిస్తున్నాయి

రెండు చోట్లా పేరు ఒకటే అయినా అక్షరాల అర్థాలు వేరు. విండోస్‌లో -ఎన్ అంటే ఎన్ని ప్యాకెట్లు పంపాలో చెప్పే సంఖ్య. లినక్స్‌లో అదే -ఎన్ అంటే అడ్రస్‌లను పేర్లుగా మార్చవద్దని ఆదేశం. లినక్స్‌లో సంఖ్యకు -సి వాడాలి, లేకపోతే కంట్రోల్ సి నొక్కేదాకా పింగ్ ఆగదు. విండోస్‌లో -ఎల్ ప్యాకెట్‌లోని డేటా పరిమాణాన్ని చెబుతుంది. లినక్స్‌లో అందుకు -ఎస్ ఉంది.

అన్నింటికంటే జాగ్రత్తగా ఉండవలసింది -ఎఫ్ దగ్గర. విండోస్‌లో అది ప్యాకెట్‌ను ముక్కలు చేయవద్దని చెప్పే హాని లేని ఆప్షన్. లినక్స్‌లో రూట్ (అడ్మినిస్ట్రేటర్) హక్కులతో అదే అక్షరం ఇస్తే, జవాబులు ఎంత వేగంగా వస్తే అంత వేగంగా, లేదా సెకనుకు వంద చొప్పున, రెండింటిలో ఏది ఎక్కువైతే ఆ వేగంతో ప్యాకెట్లు కుమ్మరిస్తుంది. పనిచేస్తున్న శాఖా కార్యాలయం లింకు మీద పొరపాటున ఇది నడిస్తే లేని సమస్యను మనమే సృష్టించినట్టవుతుంది.

లక్షణం: పింగ్ బాగానే ఉంది, కానీ కొన్ని వెబ్‌సైట్లు సగం తెరుచుకుని ఆగిపోతున్నాయి, వీపీఎన్ కలిసినా ఫైళ్లు కదలడం లేదు

చిన్న ప్యాకెట్లు దాటి, పెద్ద ప్యాకెట్లు మధ్యలో పడిపోతున్నప్పుడు కనిపించే లక్షణం ఇది. ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం, అంటే ఎంటీయూ, సాధారణంగా 1500 బైట్లు. ఇంట్లో, చిన్న కార్యాలయాల్లో పీపీపీఓఈ లాగిన్‌తో నడిచే ఫైబర్ కనెక్షన్లలో ఆ పద్ధతికే 8 బైట్లు పోతాయి కాబట్టి 1492 మాత్రమే మిగులుతాయి. పెద్ద ప్యాకెట్ పట్టలేదని చెప్పే ఐసీఎంపీ (లోపాల కబుర్లు, పింగ్ ప్రశ్నలు మోసే పద్ధతి) సందేశాన్ని దారిలోని ఏదైనా ఫైర్‌వాల్ అడ్డుకుంటే, పంపేవారికి సంగతి తెలియక అదే పెద్ద ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటారు.

దీన్ని నిర్ధారించడానికి విండోస్‌లో "పింగ్ -ఎఫ్ -ఎల్ 1472" అని, లినక్స్‌లో "పింగ్ -ఎం డు -ఎస్ 1472" (ఇక్కడ పెద్ద ఎం, చిన్న ఎస్) అని ఇచ్చి, తర్వాత ఇంటర్నెట్‌లోని ఒక అడ్రస్ రాయండి. 1472కు ఐసీఎంపీ హెడర్ 8, ఐపీ హెడర్ 20 కలిపితే 1500 అవుతుంది. 1472 పోకుండా 1464 పోతే దారిలో ఎంటీయూ 1492 అన్నమాట. అప్పుడు రౌటర్ మెనూలో వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) సెట్టింగుల కింద ఎంటీయూను 1492 చేసి, ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (ఒక్కో ప్యాకెట్‌లో పెట్టే డేటాకు పరిమితి విధించే) ఆప్షన్ ఉంటే దాన్ని ఆన్ చేయాలి. విలువ అడిగితే 1452 ఇవ్వాలి.

లక్షణం: ఎన్‌ఎస్‌లుకప్ కొత్త అడ్రస్ చూపుతోంది, పింగ్ మాత్రం పాత అడ్రస్‌కే వెళ్తోంది

ఎన్‌ఎస్‌లుకప్ నేరుగా డీఎన్ఎస్ సర్వర్‌ను, అంటే పేర్లకు అడ్రస్‌లు చెప్పే సర్వర్‌ను అడుగుతుంది. కంప్యూటర్‌లోనే పేర్లు, అడ్రస్‌లు రాసి ఉండే హోస్ట్స్ ఫైల్‌ను చూడదు. పింగ్ మాత్రం ఆపరేటింగ్ సిస్టం చెప్పిన అడ్రస్‌నే నమ్ముతుంది, ఆ సిస్టం హోస్ట్స్ ఫైల్‌ను, తన దగ్గర దాచుకున్న పాత జవాబును ముందు చూస్తుంది. విండోస్‌లో "ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్" ఇచ్చి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ మారకపోతే సిస్టం32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్లలో ఉన్న హోస్ట్స్ ఫైల్‌ను తెరిచి, ఎప్పుడో పరీక్ష కోసం రాసిన వరుస ఏదైనా మిగిలిందేమో చూడండి. పేర్ల కోసం సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డీ వాడే లినక్స్‌లలో "రిజాల్వ్‌సీటీఎల్ ఫ్లష్-క్యాచెస్" ఆ పని చేస్తుంది, "గెటెంట్ హోస్ట్స్" సిస్టం అసలు ఏ అడ్రస్ ఇస్తోందో చూపుతుంది.

లక్షణం: ట్రేస్‌రూట్‌లో మధ్య నుంచి అన్నీ నక్షత్రాలే

గమ్యం దాకా ఉన్న రౌటర్లను వరుసగా చూపే టూల్ ఇది, జవాబు రాని చోట నక్షత్రం వేస్తుంది. విండోస్‌లోని ట్రేసర్ట్ ఐసీఎంపీ ప్యాకెట్లు పంపుతుంది. లినక్స్‌లోని ట్రేస్‌రూట్ మామూలుగా 33434 నుంచి మొదలయ్యే యూడీపీ (కనెక్షన్ పెట్టుకోకుండా డేటా పంపే పద్ధతి) పోర్టులకు పంపుతుంది. ఒకటి దాటిన ఫైర్‌వాల్‌ను మరొకటి దాటకపోవచ్చు. లినక్స్‌లో -ఐ (పెద్ద ఐ) ఇస్తే ఐసీఎంపీ, -టి (పెద్ద టి) ఇస్తే టీసీపీ (ముందు కనెక్షన్ పెట్టుకునే పద్ధతి) వాడుతుంది. రెండింటికీ రూట్ హక్కులు కావలసి రావచ్చు. మధ్యలో ఒకచోట నక్షత్రాలు వచ్చి, ఆ తర్వాతి రౌటర్లు పలుకుతుంటే ఆ నక్షత్రాలను సమస్యగా భావించనక్కరలేదు.

లక్షణం: యంత్రం పనిచేస్తోంది, ఎన్‌మ్యాప్ మాత్రం "హోస్ట్ సీమ్స్ డౌన్" అంటోంది

1997లో మొదట విడుదలైన ఎన్‌మ్యాప్ ఇప్పటికీ అందరి చేతిలో ఉండటానికి కారణం దాని ఆప్షన్ల విస్తృతి. దాన్ని అపార్థం చేసుకోవడానికి కూడా కారణం అదే. పోర్టులను చూసే ముందు ఎన్‌మ్యాప్ ఆ అడ్రస్‌లో యంత్రం ఉందో లేదో తేల్చుకుంటుంది. రూట్ హక్కులు ఉంటే ఐసీఎంపీ ఎకో, 443వ పోర్టుకు సిన్ (కనెక్షన్ కోరే ప్యాకెట్), 80వ పోర్టుకు యాక్ (అందిందని చెప్పే ప్యాకెట్), ఐసీఎంపీ టైమ్‌స్టాంప్ అనే నాలుగు ప్రశ్నలు వేస్తుంది. హక్కులు లేకపోతే 80, 443 పోర్టులకు మామూలు కనెక్షన్ ప్రయత్నం మాత్రమే చేస్తుంది. ఏ జవాబూ రాకపోతే పోర్టుల దాకా వెళ్లకుండానే ఆగిపోతుంది. రిమోట్ డెస్క్‌టాప్ కోసం 3389 పోర్టు ఒక్కటే తెరిచి, మిగిలినవన్నీ ఫైర్‌వాల్‌తో మూసిన విండోస్ సర్వర్ ఈ పరీక్షలో సహజంగానే లేనట్టు కనిపిస్తుంది.

ఒక్క యంత్రమైతే -పీఎన్ (పెద్ద పి, చిన్న ఎన్) ఇచ్చి ఆ తొలి పరీక్షను దాటవేయండి. కానీ 256 అడ్రస్‌లున్న మొత్తం సబ్‌నెట్ మీద దీన్ని వాడితే ఎన్‌మ్యాప్ ప్రతి అడ్రస్‌లోనూ యంత్రం ఉందనే అనుకుంటుంది, ఖాళీ అడ్రస్‌ల కోసం కూడా వేచి ఉంటుంది, స్కాన్ ఎంతకీ తెమలదు. సబ్‌నెట్‌కు సరైన మార్గం వేరు: -పీఎస్ (పెద్ద పి, పెద్ద ఎస్) వెంటనే ఖాళీ లేకుండా 22,445,3389 అని రాస్తే, మీ సంస్థలో నిజంగా తెరిచి ఉండే పోర్టులను బట్టి యంత్రాలను కనుగొంటుంది. అదే సబ్‌నెట్‌లోని యంత్రాల విషయంలో సూడోతో (రూట్ హక్కులిచ్చే కమాండ్) నడపడం ఇంకా ముఖ్యం; అప్పుడు ఎన్‌మ్యాప్ ఏఆర్‌పీ వాడుతుంది, ఏఆర్‌పీకి జవాబివ్వకుండా ఏ యంత్రమూ స్థానిక నెట్‌వర్క్‌లో మామూలుగా పనిచేయలేదు. ఒకే గదిలో ఇద్దరు నడిపిన స్కాన్‌లో యంత్రాల సంఖ్య వేరుగా వస్తే, ఎవరు సూడో వాడారో ముందు అడగండి.

పోర్టు "ఫిల్టర్డ్" అని వస్తే మూసి ఉందని రాసుకోవద్దు. "క్లోజ్డ్" అంటే యంత్రం స్వయంగా నిరాకరించింది, అంటే దారి బాగుంది కానీ అక్కడ సర్వీసు నడవడం లేదు, సర్వీసును మొదలుపెట్టాలి. "ఫిల్టర్డ్" అంటే జవాబే రాలేదు, లేదా మధ్యలో ఎవరో అడ్డుకున్నారు; ఫైర్‌వాల్ నియమాలు చూడాలి. రెండింటి చికిత్స పూర్తిగా వేరు. --రీజన్ ఇస్తే ఎన్‌మ్యాప్ ఆ నిర్ణయానికి ఎందుకు వచ్చిందో పక్కనే రాస్తుంది. రోజువారీ పనిలో దీన్ని ఎప్పుడూ జత చేయమనే నా సలహా.

వెతికిన పోర్టు జాబితాలో అసలు కనిపించకపోతే ఎన్‌మ్యాప్ తనంతట తాను ఎక్కువగా వాడే 1000 పోర్టులనే చూస్తుందని గుర్తుంచుకోండి. "-పి-" (చిన్న పి) ఇస్తే 65535 పోర్టులూ చూస్తుంది. యూడీపీ స్కాన్‌ను మాత్రం ఇలా పూర్తిగా నడపవద్దు. లినక్స్ యంత్రాలు "పోర్టు అందదు" అనే ఐసీఎంపీ సందేశాన్ని సెకనుకు ఒకటి చొప్పునే ఇస్తే, అన్ని పోర్టులకూ 18 గంటలకు పైగా పడుతుంది. 53, 67, 123, 161 వంటి అవసరమైన పోర్టులనే పేర్కొనండి.

లక్షణం: జెన్‌మ్యాప్ మెనూలో ప్రొఫైల్ మార్చితే ఫలితం మారిపోతోంది

జెన్‌మ్యాప్ ఎన్‌మ్యాప్‌కు తొడిగిన కిటికీ మాత్రమే. ప్రొఫైల్ ఎంచుకున్నప్పుడల్లా పైన ఉన్న కమాండ్ పెట్టెలో అసలు కమాండ్ కనిపిస్తుంది. "ఇంటెన్స్ స్కాన్"లో -టి4, -ఏ (రెండూ పెద్ద అక్షరాలు), -వి (చిన్న అక్షరం) ఉంటాయి. "క్విక్ స్కాన్"లో -టి4, -ఎఫ్ (పెద్ద ఎఫ్) ఉంటాయి, అంటే 100 పోర్టులే చూస్తుంది. "పింగ్ స్కాన్"లో -ఎస్ఎన్ ఉంటుంది, అంటే పోర్టుల జోలికే వెళ్లదు. మీ అవసరానికి తగ్గ ఆప్షన్లను ప్రొఫైల్ మెనూలోని "న్యూ ప్రొఫైల్ ఆర్ కమాండ్" ద్వారా భద్రపరిచి, విభాగంలో అందరూ అదే వాడేలా చేస్తే గత నెల ఫలితాన్ని ఈ నెలతో పోల్చడం సాధ్యమవుతుంది.

లక్షణం: టీసీపీడంప్ నత్తనడక నడుస్తోంది, లేదా ఏమీ చూపడం లేదు

చాలాసార్లు కారణం పేర్ల అన్వేషణే. ప్రతి అడ్రస్‌కూ డీఎన్ఎస్‌ను అడుగుతూ కూర్చుంటుంది, డీఎన్ఎస్ చెడిపోయిన రోజున మరీ ఆలస్యం అవుతుంది. -ఎన్ (చిన్న ఎన్) ఇవ్వండి. ఫలితాన్ని గ్రెప్‌కు (వరుసల్లో పదాన్ని వెతికే కమాండ్) పంపినప్పుడు తెర ఖాళీగా ఉంటే -ఎల్ (చిన్న ఎల్) జత చేయండి. అప్పుడు ప్రతి వరుసా వెంటనే బయటికి వస్తుంది. ముగింపులో "డ్రాప్డ్ బై కెర్నల్" (సిస్టం అందుకోలేక వదిలేసిన ప్యాకెట్లు) పక్కన పెద్ద సంఖ్య వస్తే తెరమీద చూడటం మాని, -డబ్ల్యూ (చిన్న అక్షరం)తో ఫైల్‌లోకి రాయించి, -బి (పెద్ద బి)తో బఫర్ పెంచండి. కనిపించని ప్యాకెట్ రాలేదని చెప్పే ముందు ఈ సంఖ్యను చూడటం తప్పనిసరి.

లక్షణం: వైర్‌షార్క్‌లో ఇంటర్‌ఫేస్‌లు లేవు, ఫిల్టర్ ఎర్రబడుతోంది, లేదా ఇతర యంత్రాల ప్యాకెట్లు రావడం లేదు

ఇంటర్‌ఫేస్‌లు లేకపోతే విండోస్‌లో ఎన్‌పీక్యాప్ (ప్యాకెట్లు పట్టే డ్రైవర్) ఇన్‌స్టాల్ అయి ఉందో లేదో చూసి, క్యాప్చర్ మెనూలో "రిఫ్రెష్ ఇంటర్‌ఫేసెస్" నొక్కండి. డెబియన్, ఉబుంటులలో "డీపీకేజీ-రీకాన్ఫిగర్ వైర్‌షార్క్-కామన్" నడిపి సాధారణ వినియోగదారులకు అనుమతి ఇచ్చి, ఆ వినియోగదారుణ్ని వైర్‌షార్క్ గ్రూపులో చేర్చాలి. ఒకసారి లాగౌట్ అయి వస్తేనే అది అమల్లోకి వస్తుంది. ఇంత పని ఎందుకని వైర్‌షార్క్‌ను రూట్‌గా నడపడం మంచిది కాదు.

ఫిల్టర్ ఎర్రబడటానికి కారణం, వైర్‌షార్క్‌లో రెండు వేర్వేరు ఫిల్టర్ భాషలు ఉండటం. ప్యాకెట్లు పట్టకముందు క్యాప్చర్ ఆప్షన్లలో ఇచ్చేది "టీసీపీ పోర్ట్ 80" తరహాలో ఉంటుంది, టీసీపీడంప్ భాష కూడా అదే. పట్టిన తర్వాత పై పట్టీలో ఇచ్చేది "టీసీపీ.పోర్ట్ == 80" తరహాలో ఉంటుంది. ఒకదాని చోట మరొకటి చెల్లదు. ఒక అడ్రస్‌ను మినహాయించడానికి "ఐపీ.అడ్ర్ !=" వాడితే, 3.6కు ముందు వెర్షన్లలో మూలం, గమ్యం రెండింటిలో ఏదో ఒకటి వేరైనా ఆ ప్యాకెట్ మిగిలిపోయేది. పాత వెర్షన్ నడిచే యంత్రాల్లో "ఐపీ.అడ్ర్ ==" షరతును బ్రాకెట్లలో పెట్టి ముందు ఆశ్చర్యార్థక గుర్తు ఉంచండి.

మీ యంత్రం ప్యాకెట్లు, బ్రాడ్‌కాస్ట్‌లు మాత్రమే వస్తుంటే ప్రామిస్క్యుయస్ మోడ్ (ఇతరుల ప్యాకెట్లనూ పట్టే పద్ధతి) ఆన్ చేసినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే స్విచ్ ఇతరుల ప్యాకెట్లను మీ పోర్టుకు పంపనే పంపదు. మేనేజ్డ్ స్విచ్‌లో పోర్ట్ మిర్రరింగ్ (ఒక పోర్టు ప్యాకెట్ల నకలును మరో పోర్టుకు పంపడం) పెట్టి, గమనించవలసిన పోర్టును మూలంగా, మీ ల్యాప్‌టాప్ ఉన్న పోర్టును గమ్యంగా ఎంచుకోండి. మీ యంత్రం పంపిన ప్యాకెట్లకే చెక్‌సమ్ (ప్యాకెట్ చెడలేదని సరిచూసే లెక్క) తప్పు అని వస్తే, ఆ లెక్కను నెట్‌వర్క్ కార్డు తర్వాత చేస్తోందని అర్థం. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, ప్రోటోకాల్స్, టీసీపీ కింద చెక్‌సమ్ సరిచూసే గడిలో టిక్ తీసేయండి. 1500 బైట్లకు మించిన ప్యాకెట్లు కనిపించడం కూడా చాలావరకు ఆ కార్డు పనే. తీగ మీద వెళ్లే పరిమాణమే కావాలంటే ల్యాప్‌టాప్‌లో కాకుండా మిర్రర్ పోర్టులో, ఆఫ్‌లోడ్ (ఇలాంటి పనులను కార్డుకు అప్పగించే) ఆప్షన్లు ఆపిన వేరే యంత్రంతో పట్టాలి.