లేహ్‌కు ఐస్ హాకీ ఆడటానికి వెళ్లే అమ్మాయిల కోసం జాగ్రత్తలు

నల్లగొండలోనో పాలమూరులోనో చక్రాల స్కేట్స్ మీద ఆట నేర్చుకున్న అమ్మాయి, యూత్ నేషనల్స్ ఆడటానికి లేహ్ వెళ్తోందంటే ఇంట్లోవాళ్లు ముందుగా ఆలోచించాల్సింది అక్కడి ఎత్తు గురించి. అది దాదాపు 3,500 మీటర్లు. ఢిల్లీలో విమానమెక్కితే గంటన్నరలో దింపేస్తారు, ఒంటికి అలవాటుపడే టైమే ఉండదు. అందుకే మొదటి మ్యాచ్‌కు మూడు నాలుగు రోజుల ముందే చేరేలా టికెట్లు తీయండి. దిగాక రెండు రోజులు విశ్రాంతే, ప్రాక్టీస్ కూడా వద్దు.

తలనొప్పి, వికారం మొదలైతే వెంటనే కోచ్‌కు చెప్పాలి. మ్యాచ్ ఆడనివ్వరేమో అని పిల్లలు దాచిపెడతారు, నాకు అన్నిటికన్నా భయం దీని గురించే. నడక తూలినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా తెల్లారేదాకా చూడకుండా హాస్పిటల్‌కు తీసుకెళ్లాలి. ఎత్తు పడక వచ్చే ఇబ్బందికి ఇచ్చే డయామాక్స్ లాంటి మాత్రలు డాక్టర్ రాస్తేనే వేసుకోవాలి, సల్ఫా మందులు పడకపోతే ఆ సంగతి ఆయనకు ముందే చెప్పండి. నెల ముందే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. మన ఆడపిల్లల్లో రక్తహీనత చాలా ఎక్కువ, గాలి పలచగా ఉన్నచోట అది ఇంకా ఇబ్బంది పెడుతుంది.

జనవరి రాత్రుల్లో అక్కడ మైనస్ 15 డిగ్రీలు మామూలే. గదిలో బుఖారీ (వెచ్చదనానికి వాడే పొయ్యి) వెలిగిస్తే కిటికీ కాస్త తెరిచే ఉంచాలి, పడుకునే ముందు ఆర్పేయాలి. మూసిన గదిలో దాన్నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

ఇక ఆట. చక్రాల మీద ఆగే పద్ధతి ఐస్ మీద పనిచేయదు. బ్లేడు పక్కకు తిప్పి ఆగడం బాగా వచ్చాకే వేగం పెంచాలి. పక్ (కర్రతో కొట్టే బిళ్ల) 170 గ్రాముల గట్టి రబ్బరు కాబట్టి హెల్మెట్‌కు ముఖం మొత్తం కప్పే కేజ్ (జాలీ), మౌత్ గార్డ్ తప్పనిసరి. నెక్ గార్డ్ ఊపిరాడనివ్వట్లేదని తీసేయనివ్వకండి, 2023లో ఇంగ్లండ్‌లో ఒక ప్రొఫెషనల్ ఆటగాడు మెడకు బ్లేడు తగిలి చనిపోయాడు. పడితే చేతివేళ్లు పిడికిలిగా మూసి వెంటనే లేవాలి. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగితే, తనెంత బాగున్నానన్నా ఆ రోజు మళ్లీ దిగకూడదు.

మన ప్రీపెయిడ్ సిమ్ లడఖ్‌లో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ ఇచ్చి పంపండి, కోచ్ నంబరు కూడా రాసిపెట్టుకోండి, లేకపోతే ఫోన్ కలవక ఇంట్లో ఒకటే టెన్షన్.