రీలు వెంట చీటీ: సిక్కోలు, విజయనగరం నుంచి ల్యాబ్‌కి ఫిల్మ్ పంపే పద్ధతి

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్‌లో గానీ, విజయనగరం గంటస్తంభం దగ్గర గానీ ‘ఫిల్మ్ కడుగుతాం’ అనే స్టూడియో దొరికితే రేటు తర్వాత అడగండి. ముందు అడగాల్సిన మాట: ‘ఇక్కడే కడుగుతారా, బయటికి పంపిస్తారా?’ ఇక్కడే అంటే, వారానికి ఎన్ని రీళ్లు వస్తాయో కనుక్కోండి. కలర్ నెగెటివ్ కడిగే సి-41 పద్ధతిలో డెవలపర్ (ఫిల్మ్ మీద బొమ్మని పైకి తేల్చే మందు) 37.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలబడాలి, పావు డిగ్రీ తేడా కూడా ఎక్కువే. ఫిల్మ్ అందులో ఉండేది 3 నిమిషాల 15 సెకన్లు. రీళ్లు పడేకొద్దీ ఖర్చయిన మందుకి బదులు కొత్త మందు కలుస్తూ ఉంటేనే దాని బలం నిలుస్తుంది. నెలకి నాలుగు రీళ్లు వచ్చే చోట ట్యాంకులో మందు గాలి తగిలి పాడైపోతుంది. అందుకే రోజూ నడిచే పాత మిషన్, మూలనపడ్డ కొత్త మిషన్ కంటే వెయ్యి రెట్లు నయం.

బయటికి పంపిస్తామంటే అందులో తప్పేం లేదు. కాకపోతే మీరు చెప్పినది మధ్యలో ఇంకొకరి నోటి మీదుగా వెళ్తుంది, సగం మాటలు దారిలోనే జారిపోతాయి. విశాఖకో, హైదరాబాద్‌కో, చెన్నైకో మీరే నేరుగా పంపుకోవడం మేలు. అక్కడివాళ్లు మిమ్మల్ని చూడరు, మీ కెమెరానీ చూడరు. వాళ్ల ముందుండేది రీలు, దాని వెంట వచ్చిన చీటీ, అంతే.

ఏ రీలుకి ఏ కడుగుడు

రీలు మీద సన్నటి అక్షరాల్లో పద్ధతి పేరు అచ్చేసి ఉంటుంది. కోడాక్ గోల్డ్, కలర్‌ప్లస్, అల్ట్రామ్యాక్స్, పోర్ట్రా, ఎక్టార్ అన్నీ సి-41. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5, కెంట్‌మియర్, కోడాక్ ట్రై-ఎక్స్ అసలు సిసలు బ్లాక్ అండ్ వైట్, వీటికి వేరే మందు. ఇల్ఫర్డ్ ఎక్స్‌పీ2 సూపర్ మాత్రం చూడ్డానికి బ్లాక్ అండ్ వైట్, కడిగేది సి-41లో. ఎక్టాక్రోమ్ లాంటి స్లైడ్ ఫిల్మ్‌కి ఇ-6 పద్ధతి. అది చేసే ల్యాబ్‌లు తక్కువ, కనుక ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

అసలు ప్రమాదం సినిమా ఫిల్మ్‌తో. సినిమా షూటింగులకి తయారైన కోడాక్ విజన్3ని ముక్కలు చేసి, పాత డబ్బాల్లో చుట్టి, తక్కువ ధరకి అమ్ముతుంటారు. డబ్బా మీద గోల్డ్ అని ఉన్నా లోపల గోల్డ్ ఉందన్న నమ్మకం లేదు. ఈ ఫిల్మ్ వెనకవైపు రెమ్‌జెట్ అనే నల్లటి మసిపూత ఉంటుంది. మామూలు సి-41 మిషన్‌లోకి వెళ్తే ఆ మసి ఊడి మందులో కలిసి, రోలర్లకి అంటుకుని, అదే రోజు కడిగిన పక్కవాళ్ల పెళ్లి రీళ్ల మీదా చుక్కలుగా తేలుతుంది. ల్యాబ్‌వాళ్లు మిమ్మల్ని జన్మలో మరిచిపోరు. దీనికి ఇసిఎన్-2 అనే పద్ధతి వేరే ఉంది: ముందు మసి కడిగేయాలి, తర్వాత 41.1 డిగ్రీల డెవలపర్లో 3 నిమిషాలు. కొనేటప్పుడే రీలు నాలుక, అంటే డబ్బా బయటికి వచ్చి ఉండే ఫిల్మ్ కొస, వెనక్కి తిప్పి చూడండి. వెనకవైపు బొగ్గులా మెరుపు లేని నలుపు ఉంటే అది రెమ్‌జెట్. 2025 నుంచి కోడాక్ ఆ పూత లేని రకాన్ని కూడా తెస్తోంది కాబట్టి, నలుపు లేనంత మాత్రాన సినిమా ఫిల్మ్ కాదని తేల్చేయొద్దు. అమ్మినవాళ్లని అడిగి చీటీలో రాయండి. తెలియకపోతే ‘మళ్లీ చుట్టిన రీలు, లోపల ఏముందో తెలియదు’ అని ఉన్నదున్నట్టు రాసేయండి. అలా రాస్తే ఆ రీలుని మిషన్‌లో వేయకుండా పక్కన పెట్టి చూస్తారు.

కెమెరాలోంచి తీసేటప్పుడు

35 ఎంఎం కెమెరా అయితే అడుగున ఉన్న చిన్న బటన్ నొక్కి, పైన పిడి తిప్పండి. తిప్పుతుంటే చేతికి బిగువు తెలుస్తూ ఉంటుంది. ఒక చోట ఆ బిగువు టక్కున వదులుతుంది, అప్పటికి నాలుక, కెమెరాలో ఫిల్మ్‌ని చుట్టుకునే స్పూల్‌ నుంచి ఊడినట్టు. ఇంకో నాలుగు చుట్లు తిప్పి నాలుకని పూర్తిగా లోపలికి పోనివ్వండి. ల్యాబ్‌వాళ్లకి దాన్ని బయటికి లాగే పనిముట్టు ఉంటుంది. నాలుక బయట ఉంటే, వాడిన రీలు వాడనిదిలా కనబడి మళ్లీ కెమెరాలోకెక్కుతుంది. అరసవల్లి గోపురం మీద మీ తమ్ముడి పుట్టినరోజు కేకు వచ్చి కూర్చుంటుంది.

తిప్పడం మొదలుపెట్టినప్పుడు మొదటి నుంచీ బిగువే తెలియకపోతే, ఫిల్మ్ అసలు స్పూల్‌కి పట్టుకోలేదని అర్థం. 36 ఫోటోలూ తీశామనుకున్నా ఒక్కటీ పడి ఉండదు. కడిగించి డబ్బులు పోగొట్టుకోకండి, అదే రీలుని మళ్లీ ఎక్కించుకోండి.

120 ఫిల్మ్ (డబ్బా లేకుండా, వెనక కాగితంతో చుట్టి వచ్చే వెడల్పు రీలు) అయితే నీడలోకి వెళ్లి తీసి, కాగితం వదులవ్వకుండా బిగించి, చివర జిగురు పట్టీ తడిపి అంటించాలి. వదులుగా చుట్టిన రీలు అంచుల నుంచి వెలుతురు దూరి పక్కలు పాడవుతాయి. కళింగపట్నం బీచ్‌లోనో, చింతపల్లి బీచ్‌లోనో రీలు మార్చడం మాత్రం వద్దే వద్దు. 35 ఎంఎం రీలు డబ్బా మూతి దగ్గర మఖమల్ పట్టీ ఉంటుంది. అందులో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే చాలు, ఫిల్మ్ పొడుగునా గీత గీసేస్తుంది.

చీటీ ఎలా ఉండాలి

ప్రతి రీలు మీదా కాగితపు టేప్ ముక్క అంటించి, దాని మీద నంబరు వేయండి. చీటీలో అదే నంబరు. ఉదాహరణకి:

‘మొత్తం 3 రీళ్లు, అన్నీ 35 ఎంఎం.
1: కోడాక్ గోల్డ్ 200. సి-41, మామూలుగా. తేలినీలాపురం పక్షులు, పొద్దున్న వెలుతురు.
2: ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ 400. బ్లాక్ అండ్ వైట్. కెమెరాలో 1600 పెట్టి తీసినది, రెండు స్టాపులు పుష్ చేయాలి.
3: కోడాక్ అల్ట్రామ్యాక్స్ 400. సి-41, మామూలుగా. సిరిమానోత్సవం. పసుపు రంగు ఎక్కువ, దాన్ని తగ్గించొద్దు. మనుషుల ఒంటిరంగు తెల్లబరచొద్దు.
స్కాన్: పొడుగువైపు 5400 పిక్సెళ్లు, జేపెగ్. మూడోది మాత్రం టిఫ్.
నెగెటివ్‌లు ఆరారు ఫ్రేములుగా కోసి, స్లీవుల్లో పెట్టి తిప్పి పంపాలి.’

కింద ఫోన్ నంబరు, ఇంటి చిరునామా. ఈ చీటీనీ, నంబర్లు కనబడేలా రీళ్లనీ ఒక ఫోటో తీసి దగ్గరుంచుకోండి.

పుష్ గురించి ఒక మాట. రీలు పేరు పక్కన ఉండే 200, 400 దాని స్పీడు, అంటే వెలుతురుకి అది ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకె. ఆ అంకె గానీ వెలుతురు గానీ రెట్టింపైతే ఒక స్టాపు తేడా, కాబట్టి 400 నుంచి 1600కి రెండు స్టాపులు. డెవలపర్లో ఎక్కువసేపు ఉంచడమే పుష్. సి-41లో ఒక స్టాపు పుష్‌కి 3 నిమిషాల 15 సెకన్లు కాస్తా 3 నిమిషాల 45 సెకన్లవుతుంది. ఇది రీలు మొత్తానికి వర్తిస్తుంది, పది ఫ్రేములకి ఒకలా, మిగతావాటికి ఇంకోలా కుదరదు. పుష్ చేస్తే వెలుతురు పడ్డ చోట్లే ఇంకా చిక్కనవుతాయి. వెలుతురే పడని నీడలోకి కొత్తగా వివరం ఎక్కడి నుంచీ రాదు, గ్రెయిన్ (బొమ్మలో కనబడే సన్నటి రవ్వ) మాత్రం పెరుగుతుంది. కాబట్టి తెలిసి 1600లో తీసినదానికి అడగండి. ‘ఎందుకైనా మంచిదని’ అడగొద్దు.

మూడో రీలు మీద ఆ రెండు వాక్యాలు ఎందుకంటే, స్కానర్ ప్రతి ఫ్రేములోనూ రంగులన్నీ కలిస్తే బూడిద రంగు రావాలని లెక్కవేస్తుంది. పైడితల్లి పండగ ఫ్రేమంతా పసుపూ కుంకుమే నిండి ఉంటే దాన్ని తప్పనుకుని, పసుపు లాగేసి నీలం పోస్తుంది. స్కానర్ ముందు కూర్చున్న మనిషి ఫ్రేము ఫ్రేముకీ సయాన్, మెజెంటా, పసుపు, సాంద్రత (ముదురుదనం) మీటలతో దాన్ని సరిచేయగలరు, ఏది సరైనదో తెలిస్తే. ఒంటిరంగు సంగతీ అంతే. పెళ్లి ఆల్బంల అలవాటు కొద్దీ ముఖం కనబడగానే సాంద్రత తగ్గించేసే చేతులుంటాయి. చామనఛాయ మనుషులు సున్నం పూసినట్టు తేలతారు.

పార్శిల్

రీలుని దాని ప్లాస్టిక్ డబ్బీలో, డబ్బీని జిప్ కవర్లో, కవర్ని చిన్న అట్టపెట్టెలో పెట్టండి. ఉత్త కవర్లో పంపితే బస్తాల కింద నలుగుతుంది. సోమవారమో మంగళవారమో వేస్తే మంచిది. శుక్రవారం వేసిన పార్శిల్ ఆదివారమంతా ఏదో రేకుల గోడౌన్‌లో మగ్గుతుంది. తీసిన ఫిల్మ్‌కి వేడీ తేమా రెండూ గిట్టవు, మన తీరంలో రెండూ పుష్కలం. అక్టోబర్, నవంబర్ నెలల్లో తుపాను హెచ్చరిక ఉంటే రెండ్రోజులు ఆగండి. ఆలోగా జిప్ కవర్లోనే ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. బయటికి తీశాక గంటన్నర వరకూ కవరు విప్పకండి, విప్పితే ఫిల్మ్ మీద చెమట పడుతుంది.

విమానంలో వెళ్లే సర్వీసు కంటే రోడ్డు, రైలు మార్గాన వెళ్లేది మంచిది, ఎయిర్‌పోర్ట్ స్కానర్ బెడద ఉండదు. పాతరకం ఎక్స్‌రే ఒకటి రెండుసార్లు తగిలినా 400 లోపు ఫిల్మ్‌కి కంటికి కనబడే నష్టం ఉండదు. కొత్తరకం సీటీ స్కానర్ అయితే ఒక్కసారికే మసకేస్తుంది. 800 పైన ఉన్నవీ, పుష్ చేయాల్సినవీ అసలు ఏ స్కానర్‌కీ చూపించొద్దు.

స్కాన్ సైజు

‘బేసిక్’, ‘హై’, ‘ప్రీమియం’ అనే పేర్లకి ఒక్కో ల్యాబ్‌లో ఒక్కో అర్థం. పిక్సెళ్లు అడగండి. 4×6 ప్రింటుకి 1200×1800 చాలు. 12×18 ప్రింటు అంగుళానికి 300 చుక్కల లెక్కన కావాలంటే 3600×5400 ఉండాలి. అదే సైజు కలర్ స్కాన్ 16 బిట్ టిఫ్‌లో తీసుకుంటే ఒక్కో ఫోటో దాదాపు 117 ఎంబీ, 36 ఫోటోలకి 4 జీబీ దాటుతుంది. రంగులు మీరే దిద్దుకునే పనుంటేనే టిఫ్. లేకపోతే జేపెగ్ చాలు. డౌన్‌లోడ్ లింకు ఎన్నాళ్లుంటుందో కూడా అడగండి.

కలర్ ఫిల్మ్ మీద దుమ్ముని పరారుణ కాంతితో పసిగట్టి చెరిపేసే ఏర్పాటు ల్యాబ్ స్కానర్లలో ఉంటుంది. మామూలు బ్లాక్ అండ్ వైట్‌కి అది పనిచేయదు, బొమ్మలోని వెండే ఆ కాంతిని ఆపేస్తుంది. వాటి మీద తెల్ల చుక్కలు నాలుగు వస్తే ల్యాబ్‌తో గొడవ పెట్టుకోకండి. ఎక్స్‌పీ2లో వెండి మిగలదు కనుక దానికి ఆ ఏర్పాటు పనిచేస్తుంది.

నెగెటివ్‌లు తిరిగొచ్చాక

స్కాన్లు చూసి సరిపెట్టుకోకుండా నెగెటివ్‌ని ఫోన్ తెల్ల స్క్రీన్ ముందు పట్టుకుని చూడండి. అంచులు మాత్రమే పట్టుకోవాలి. మెరిసే వైపు వెనక, మెరుపు తక్కువున్న వైపు ఎమల్షన్, అంటే బొమ్మ ఉండే పూత. పొందూరు ఖద్దరైనా సరే, దాని మీద గుడ్డ ఆనించొద్దు. దుమ్ముంటే రబ్బరు బ్లోయర్‌తో ఊదండి.

మొదట ఫ్రేములు వదిలేసి అంచు చూడండి. కంపెనీ పేరు, ఫ్రేము నంబర్లు అక్కడ చిక్కగా ఉన్నాయా? అవి ఫ్యాక్టరీలోనే వెలుతురుతో అచ్చయినవి, కడిగితేనే పైకి తేలతాయి. నంబర్లు స్పష్టంగా ఉండి ఫ్రేములు ఖాళీగా ఉంటే కడగడం సరిగానే జరిగింది, తప్పు కెమెరాలో. నంబర్లూ లేక ఫిల్మంతా బోసిగా ఉంటే డెవలపర్ పనిచేయలేదు, అది ల్యాబ్‌ని అడగాల్సిందే. అంచుతో సహా మొత్తం నల్లగా ఉంటే ఎక్కడో వెలుతురు తగిలింది.

నంబర్లు బాగుండి ఫ్రేములు పలచగా, నీడల చోట ఏమీ లేకుండా ఉంటే వెలుతురు చాల్లేదు. స్కాన్‌లో నలుపు బురదలా, గ్రెయిన్ ఇసుకలా కనబడేది ఇందుకే. రీస్కాన్ అడిగినా ఉపయోగం లేదు. కలర్ నెగెటివ్‌కి ఒక స్టాపు ఎక్కువ వెలుతురు పడినా నష్టం ఉండదు, తక్కువైతే మాత్రం క్షమించదు.

అన్ని ఫ్రేముల మీదుగా ఒకే వరసలో గీత పోతుంటే రీలు ఆఖరి ఫ్రేము తర్వాత మిగిలిన తోక ముక్క చూడండి. డబ్బా లోపలి ఇరుసుకి దగ్గరగా ఉండే ఆ ముక్క కెమెరా గేటు (వెలుతురు పడే కిటికీ) దాటి ఉండదు. గీత అక్కడ లేకపోతే కెమెరా మీదో డబ్బా మూతి మీదో అనుమానపడాలి. అక్కడా ఉంటే కడిగేటప్పుడో స్కాన్ చేసేటప్పుడో పడ్డది. నెగెటివ్ మీద ఏ గీతా లేకుండా స్కాన్‌లో మాత్రమే ఉంటే స్కానర్ అద్దం మీద దుమ్ము, మర్యాదగా రీస్కాన్ అడగొచ్చు. ఏది అడిగినా నెగెటివ్ ఫోటో తీసి పంపి అడగండి. తోక ముక్క కోసి పారేయొద్దని చీటీలో ముందే రాసుకుంటే ఇంకా సుఖం.

దాచేటప్పుడు పీవీసీ ఆల్బం కవర్లు వద్దు, అవి కాలక్రమంలో నెగెటివ్‌కి అంటుకుంటాయి. పాలీప్రొపిలీన్ స్లీవుల్లో పెట్టి, గాలి దూరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచితో మూతపెట్టండి. అటకా, బీరువాలో కలరా ఉండల పక్కనా రెండూ తప్పు చోట్లే. జెల్ గుళికలు రంగు మారితే తడి పట్టేసినట్టు, కొత్త సంచి మార్చండి. స్లీవు మీద తేదీ, ఊరు, కెమెరా పేరు నెగెటివ్ లోపల పెట్టకముందే రాయండి. పెట్టాక రాస్తే పెన్ను ఒత్తిడికి ఆ అక్షరాలు ఎమల్షన్ మీద పడతాయి.