తీరం వెంట వారం రోజులు: క్యారవాన్ ఎక్కే ముందు జాగ్రత్తలు

క్యారవాన్ అద్దెకు తీసుకుని భీమిలి నుంచి సూర్యలంక దాకా తీరం వెంట వెళ్దామనుకునేవాళ్లు ఎక్కువగా దసరా సెలవులో, కార్తీక మాసమో చూసుకుంటారు. వ్యాను బుక్ చేసే ముందు ఈ తీరాన్ని తాకిన తుఫానుల తేదీలు ఒక్కసారి చూడండి. హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది 2014 అక్టోబరు 12న. తిత్లీ పలాస వైపు విరుచుకుపడింది 2018 అక్టోబరు 11న. మిచౌంగ్ బాపట్ల దగ్గర 2023 డిసెంబరు 5న. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. నన్నడిగితే సంక్రాంతి రద్దీ తగ్గాక, ఫిబ్రవరి నెలాఖరులోపు బయల్దేరడం మేలు. వేసవి సెలవులకైనా పూర్తి భరోసా లేదు. 2010లో లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది మే 20న.

అక్టోబరు, డిసెంబరు మధ్యే వెళ్లక తప్పదంటే బంగాళాఖాతంలో అల్పపీడనం అనే మాట వినపడ్డ రోజునుంచీ పొద్దునా సాయంత్రం వాతావరణ శాఖ బులెటిన్ చూడాలి. అల్పపీడనం వాయుగుండంగా, వాయుగుండం తుఫానుగా మారడానికి కొన్నిసార్లు రెండు మూడు రోజులు చాలు. తీరప్రాంతాలకు తుఫాను ముందస్తు సూచన 72 గంటల ముందు, అలర్ట్ 48 గంటల ముందు వస్తుంది. మనం కదలాల్సింది మొదటిది వచ్చినప్పుడే. అలర్ట్ వచ్చేసరికి పునరావాస కేంద్రాలకు జనాన్ని తరలించే పని మొదలవుతుంది, బంకుల్లో డీజిలు కోసం బారులు తీరతారు. ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికల నంబర్లు ఓడల కోసం. ఒకటో నంబరే కదా అని బీచ్‌లో టీ పెట్టుకుంటూ కూర్చోవద్దు.

ఈ ప్రయాణంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే: ఏ రాత్రి ఎక్కడ ఆగినా, అక్కడినుంచి లోపలికి పోయే రోడ్డు ఏదో ముందే తెలిసి ఉండాలి. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా వెళ్లే 216 జాతీయ రహదారి చాలాచోట్ల సముద్రానికి దగ్గరగా, పల్లపు నేలల మీదుగా పోతుంది. అమలాపురంలో ఉంటే రావులపాలెం వైపు, నరసాపురంలో ఉంటే తాడేపల్లిగూడెం వైపు, మచిలీపట్నం నుంచి విజయవాడకు, రేపల్లె నుంచి తెనాలికి, బాపట్ల నుంచి పొన్నూరు మీదుగా గుంటూరుకు. ఈ పేర్లు ఒక కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డుకు అంటించండి. గాలివానలో సిగ్నల్ పోతే ఫోనులో మ్యాపు తెరుచుకోదు. క్యారవాన్ ఎత్తుగా, పెట్టెలా ఉంటుంది కాబట్టి ఈదురుగాలికి పక్కకు నెట్టుకుపోతుంది. యానాం–ఎదుర్లంక, చించినాడ, పులిగడ్డ–పెనుమూడి లాంటి పొడవైన వంతెనలకు ముందు గాలి జోరు చూసుకోండి. ఎక్కువగా ఉంటే ఇవతలే ఆగిపోవాలి.

కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు ఫొటోల్లో చాలా బాగుంటుంది. కానీ అక్కడ సముద్రం ఏళ్ల తరబడి ఊరినీ రోడ్డునూ కోసుకుంటూ వస్తోంది. రక్షణగా వేసిన రాళ్లనే అలలు ఎత్తి రోడ్డు మీదికి విసురుతాయి. పౌర్ణమికీ అమావాస్యకూ పోటు ఎక్కువ, దానికి గాలి తోడైతే పోలీసులు దారి మూసేస్తారు. ఆ రోజుల్లో పిఠాపురం మీదుగా వెళ్లండి. అలల ఎత్తు గురించి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే హెచ్చరికలు జాలర్ల కోసమైనా మనకూ పనికొస్తాయి. అంతర్వేది చూసి నరసాపురం వెళ్లాలనుకునేవాళ్లకు సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు (బల్లకట్టు) కనిపిస్తుంది. అంత బరువున్న వ్యాను దాని మీద ఎక్కించకండి, చించినాడ చుట్టు తిరిగి రండి.

ఇక రాత్రి మకాం. సముద్రం పక్కనే తలుపు తీస్తే అలలు కనిపించాలన్న కోరిక అందరికీ ఉంటుంది. పాటు సమయంలో, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, తడి ఇసుక సిమెంటు గచ్చులా గట్టిగా కనిపిస్తుంది. మూడు టన్నుల వ్యాను దిగిందంటే చక్రాలు ఇరుసుదాకా కూరుకుపోతాయి, ఆ తర్వాత పోటు మొదలవుతుంది. ట్రాక్టరు వచ్చేలోపు ఉప్పునీళ్లు ఇంజిన్లోకి వెళ్తాయి. అదీగాక శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరంలో గుడ్లు పెడతాయి. చక్రాల కింద గుడ్లు నలిగిపోతాయి, లైట్ల వెలుగుకు పిల్లలు సముద్రం అనుకుని ఎదురు దిక్కుకు నడుస్తాయి. అందుకని తారు రోడ్డు దాటి దిగనే వద్దు. పర్యాటక శాఖ రిసార్టు ఆవరణలోనో, గుడి దగ్గరో, తుఫాను షెల్టర్ ఉన్న మెరక మీదో ఆగండి. మత్స్యకార గ్రామంలో ఆగాలంటే ముందు ఊరి పెద్దల్ని అడగాలి. పడవలు లాక్కొచ్చే దారిలోనూ, వలలు ఆరేసే చోటా బండి పెడితే తెల్లవారుజామున వాళ్ల పని ఆగిపోతుంది. నీడ బాగుందని కొబ్బరిచెట్ల కింద మాత్రం పెట్టొద్దు, రాత్రి గాలికి కాయ రాలితే అద్దం మిగలదు.

తలుపులు బిగించి, ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిద్రపోవడం అన్నిటికన్నా ప్రమాదం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మెలకువ రాకుండానే ప్రాణం తీస్తుంది. లోపల గ్యాసు పొయ్యి వెలిగిస్తే రెండు వైపులా కిటికీలు తెరవండి. వంట గ్యాసు గాలికంటే బరువు, లీకైతే నేలమట్టంలో పేరుకుంటుంది. వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా తలుపులన్నీ తీసి బయటికి దిగాలి. పడుకునే ముందు గ్యాసును సిలిండరు దగ్గరే ఆపేయడం అలవాటు చేసుకోండి.

నీళ్లలో దిగే విషయంలో పిల్లలకంటే పెద్దవాళ్లకే ఎక్కువ చెప్పాలి. విశాఖ ఆర్కే బీచ్‌లోనూ, చీరాల దగ్గర రామాపురంలోనూ ఈత వచ్చినవాళ్లే మునిగిపోయారు. అలల మధ్య ఒకచోట నురగ లేకుండా ప్రశాంతంగా ఉందంటే నీళ్లు లోపలికి వెనుదిరిగే దారి అదే కావచ్చు. లాగేస్తుంటే ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. నదీ మొగల దగ్గర అసలు దిగకూడదు. మందు పుచ్చుకున్నవాళ్లను ఒడ్డునే కూర్చోబెట్టండి. (యానాంలో చవకని సీసాలు సర్దుకుంటే ఆంధ్రా చెక్‌పోస్టులో యాత్ర అక్కడితో ఆగుతుంది.)

చీకటి పడ్డాక డెల్టాలో బండి నడపొద్దు. కాలువ గట్టు రోడ్లకు చాలాచోట్ల గోడ ఉండదు. కోతల కాలంలో రోడ్డుకు ఒక పక్క ధాన్యం ఆరబోసి, రాశి చుట్టూ రాళ్లు పెడతారు. మలుపులో అవి కనిపించవు. రోజుకు 150 కిలోమీటర్లు మించకుండా వేసుకుంటే నాలుగింటికల్లా మకాం చేరొచ్చు. రైల్వే వంతెనల కింద ఎత్తు పరిమితి బోర్డు చూసి, మీ వ్యాను ఎత్తు ముందే కొలిచి పెట్టుకోండి.

తీరం ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, తాగడానికి క్యాన్లు కొనాలి. టాయిలెట్ ట్యాంకు కాలువలో వదిలేయకండి, ఆ నీళ్లే కింది ఊళ్ల మంచినీళ్ల చెరువులకు పోతాయి. బీమాలో ఇంజిన్ ప్రొటెక్ట్ ఉందో లేదో యజమానిని అడగండి. నీళ్లలో ఆగిన ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలు పాలసీ ఆ నష్టానికి పైసా ఇవ్వదు. జాతీయ రహదారి మీద బండి ఆగితే 1033, అంబులెన్సుకు 108, మరేదైనా ఆపదకు 112.

వ్యాను తిరిగి అప్పగించే ముందు కింది భాగాన్ని మంచినీళ్లతో కడిగించండి. ఉప్పు గాలికి బోల్టులు, బ్రేకులు తుప్పు పడతాయి. కడిగించిన రసీదు, నాలుగు వైపులా తీసిన ఫొటోలు దగ్గర ఉంటే అడ్వాన్సులో కోత పెట్టే బేరం ఉండదు.