హెడ్‌ఫోన్ విప్పకముందే, దూది కంటే ముందు ప్యాడ్ చూడండి

నేను మొదటిసారి విప్పింది ఒక క్లోజ్డ్ హెడ్‌ఫోన్, అంటే కప్పుల వెనక భాగం మూసి ఉన్నది. శబ్దం బాగుపడుతుందని రెండు కప్పుల్లోనూ దూది కూరేశాను. గొంతు దుప్పట్లోంచి వచ్చినట్టయింది, బేస్ మాత్రం పలచగానే ఉండిపోయింది. లోపం కప్పులో లేదు. అణిగిపోయిన ఇయర్‌ప్యాడ్‌కీ చెంపకీ మధ్య సందుంది.

అందుకే ఇప్పుడు స్క్రూడ్రైవర్ తియ్యకముందే 40 హెర్ట్జ్ టోన్ (లోతైన బేస్ మోత) పెట్టి, కప్పుల్ని అంచుల దగ్గర పట్టుకుని తలకి మెల్లగా అదుముతాను. మోత పెరిగితే గాలి కారుతున్నట్టే. కళ్ళద్దాల కాడ చేసే సందు కూడా అందుకు చాలు. ముందు ప్యాడ్ సంగతి తేల్చండి.

తర్వాత కప్పు. డ్రైవర్, అంటే కప్పులో శబ్దం పుట్టించే చిన్న స్పీకర్, ముందుకు ఎంత గాలిని నెడుతుందో వెనక్కీ అంతే నెడుతుంది. వెనక జాలీ ఉండే ఓపెన్ రకంలో ఆ వెనక శబ్దం జాలీలోంచి బయటికి పోతుంది. క్లోజ్డ్‌లో గోడకి కొట్టుకుని తిరిగొచ్చి, డ్రైవర్‌లో కదిలే పలచటి పొర, డయాఫ్రమ్‌ని దాటి చెవిలో పడుతుంది. ఎదురెదురు గోడల మధ్య 4 సెంటీమీటర్లుంటే సుమారు 4,300 హెర్ట్జ్ దగ్గర కప్పు మోగుతుంది. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు అనిపించేది ఇలాంటి మోతల వల్లే. దూది, ఊలు, ఫెల్ట్ దీన్ని బాగా పీలుస్తాయి. బేస్ సంగతి వేరు: 100 హెర్ట్జ్ అల పొడవు 3.4 మీటర్లు. చిటికెడు దూది దాన్నేం చేస్తుంది?

దూదిని చిటికెడు చిటికెడుగా వెయ్యండి, అదీ ఒక్క కప్పులోనే. రెండోది ముట్టుకోవద్దు. మోనోలో (రెండు చెవులకీ ఒకటే శబ్దం) పింక్ నాయిస్, అంటే అన్ని స్వరాలూ కలిసిన హోరు, పెట్టి రెండు చెవుల్నీ పోల్చండి. హెడ్‌ఫోన్‌ని అటుదిటు తిప్పి పెట్టుకుని మళ్ళీ వినండి. మన చెవులు రెండూ ఒకేలా వినవు కదా. మార్పు నచ్చాకే రెండో కప్పు.

బేస్‌ని దిద్దేది గాలిదారి. ఫాస్టెక్స్ టీ50ఆర్‌పీ అనే హెడ్‌ఫోన్ కప్పులకి సన్నటి చీలికలుంటాయి. వాటిమీద పేపర్ టేపు ఒక్కో పొర వేస్తూ పోతే కింది స్వరాలు మారడం చెవికి తెలుస్తుంది. ఇంత తక్కువ శ్రమకి ఇంత ఫలితం నేను వేరే ఏ మార్పులోనూ చూడలేదు.

ఓపెన్ హెడ్‌ఫోన్‌లో ఏమీ కూరకండి. జాలీకి అరచెయ్యి దగ్గరగా తెచ్చి చూడండి, శబ్దం రంగే మారిపోతుంది. వెనక అడ్డం పెట్టిన ప్రతిదీ అంతో ఇంతో అదే చేస్తుంది. పైస్వరాలు గుచ్చుతుంటే డ్రైవర్ ముందు పలచటి టిష్యూ కాగితం ఒక పొర పెట్టి వినండి.

డ్రైవర్ దగ్గర మాత్రం భయంగానే ఉండండి. అయస్కాంతం స్క్రూలను లాగేస్తుంది, ఒక్కటి జారినా డయాఫ్రమ్ చిరగొచ్చు. కాయిల్ తీగలు వెంట్రుకంత సన్నం. దూది పోగులు డయాఫ్రమ్‌కి తగలకుండా మధ్యలో పలచటి గుడ్డ వెయ్యండి.

పాత ప్యాడ్లు పారెయ్యకండి. కొత్త ప్యాడ్ మందంగా ఉంటే డ్రైవర్ చెవికి దూరమై పైస్వరాలు మారతాయి. అప్పుడు పోల్చుకోవడానికి అవి కావాలి.