విలియమ్స్ సిండ్రోమ్ పిల్లల భయం, ఆలోచన – 3వ పాఠం: “ఎప్పుడు?” అని పదే పదే అడిగితే

పోయిన పాఠంలో ఇచ్చిన పని గుర్తుందా? మీ అబ్బాయో అమ్మాయో ఎప్పుడెప్పుడు కంగారు పడ్డారు, దానికి కాస్త ముందు ఏం జరిగింది అన్నది వారం పాటు నోట్‌బుక్‌లో రాయమన్నాను. ఆ పుస్తకం పక్కన పెట్టుకుని ఇది చదవండి. రాయడం కుదరనివాళ్లు కనీసం నిన్నటి రోజు గుర్తు తెచ్చుకుని నాలుగు వాక్యాలు రాసుకోండి.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు మాటలు. ఏడో క్రోమోజోమ్‌లో 26 నుంచి 28 జన్యువులు ఉండే చిన్న ముక్క లోపిస్తే విలియమ్స్ సిండ్రోమ్ వస్తుంది. 1961లో న్యూజిలాండ్ డాక్టర్ విలియమ్స్ దీన్ని వివరించారు కాబట్టి ఆ పేరు. చాలావరకు ఇది ఆ బిడ్డలోనే కొత్తగా వచ్చిన మార్పు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశావని ఎవరైనా అంటే ఆ మాట మోయకండి. మీ తప్పు ఏమీ లేదు.

ఇక పాఠానికి వద్దాం.

ఆదివారం మీరు పదకొండేళ్ల పాపతో “గురువారం పిన్ని పెళ్లి” అన్నారనుకోండి. అప్పుడు మొదలవుతుంది. “పెళ్లి ఎప్పుడు? గురువారం ఎప్పుడు?” పళ్లు తోముకుంటూ, అన్నం తింటూ, రాత్రి లైటు తీసేశాక కూడా అదే. పదిసార్లు ఓపిగ్గా చెబుతారు. పదకొండోసారి గొంతు పెరుగుతుంది. పాప ఏడుస్తుంది, మీకు బాధేస్తుంది, కాసేపటికి మళ్లీ “ఎప్పుడు?”

పాప మొండికేయడం లేదు. ఈ పిల్లలు చక్కగా, ముద్దుగా మాట్లాడతారు. చాలామందికి కొత్తవాళ్లంటే బెరుకే ఉండదు. అందుకే మనం పొరబడతాం: ఇంత బాగా మాట్లాడుతోంది కదా, గురువారం అంటే తెలియదా అని. ఆ మాట తిరిగి చెప్పడం తనకు తెలుసు. కానీ ఆదివారానికీ గురువారానికీ మధ్య ఎంత దూరమో తోచదు. మూడు నాలుగు సంగతులు మనసులో పట్టుకుని వరసలో పెట్టుకోవడం, వచ్చిన ఆలోచనను ఆపి వేరేదానికి మళ్లడం ఈ పిల్లలకు కష్టం. దానికి భయం తోడైతే ఉన్న కాస్త పట్టూ జారిపోతుంది. మీరు చెప్పిన జవాబు నిలవదు, భయం మాత్రం నిలుస్తుంది.

భయం అరుదైన సంగతి కాదు. అమెరికాలో 2006లో 119 మంది విలియమ్స్ పిల్లలను పరిశీలిస్తే, సగానికి పైగా పిల్లల్లో ఏదో ఒక దాని మీద తీవ్రమైన భయం కనిపించింది. ముఖ్యంగా పెద్ద చప్పుళ్లంటే.

అందుకే మొదటి మెట్టు: “ఎప్పుడు” కింద ఉన్న అసలు ప్రశ్న వెతకండి. మీ నోట్‌బుక్‌లో చూడండి. పోయిన పెళ్లిలో ఏ క్షణాన చెవులు మూసుకుంది? డోలు మొదలైనప్పుడా, బాణాసంచా కాల్చినప్పుడా? మెల్లగా అడగండి: “డోలు గురించి ఆలోచిస్తున్నావా తల్లీ?” అవునంటే సగం పని అయినట్టే. “డోలు కొట్టరులే” అని మాత్రం అబద్ధం చెప్పకండి. ఒక్కసారి నమ్మకం పోతే తర్వాత మీరు చెప్పే ఏ మాటా పనిచేయదు.

రెండోది, ఎన్నాళ్ల ముందు చెప్పాలి? ఆదివారం చెప్పి నాలుగు రాత్రులు నిద్ర పోగొట్టడం కంటే, మంగళవారం సాయంత్రమో బుధవారమో చెప్పడం మేలు. అలాగని చెప్పకుండా బట్టలు తొడిగి ఆటో ఎక్కించడమూ తప్పే. ఒక్కో బిడ్డకు ఒక్కో గడువు. అది మీ పుస్తకమే చెబుతుంది.

మూడోది చీటీలు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. చాలామంది గోడ క్యాలెండర్ చూపిస్తారు. విలియమ్స్ పిల్లలకు గడుల్లో, అడ్డం నిలువుల్లో దారి వెతుక్కోవడం బాగా కష్టం కాబట్టి అది వాళ్లను ఇంకా గందరగోళపెడుతుంది. దానికి బదులు ఇంకా ఎన్ని రాత్రులు పడుకోవాలో అన్ని చీటీలు ఒకదాని కింద ఒకటి తలుపుకు అంటించండి. అన్నిటికన్నా కింద పెళ్లి బొమ్మ. రోజూ పొద్దున లేవగానే పై చీటీ పాప చేత్తోనే పీకించండి. పీకుతూ ఇద్దరూ ఏదైనా వరసలో పాడండి: “స్నానం, తర్వాత ఆటో, తర్వాత డోలు, అప్పుడు అమ్మమ్మతో బయటికి.” పాట వీళ్లలో చాలామందికి ఇష్టం. మాట మరిచినా వరస గుర్తుంటుంది. డోలు దగ్గర ఏం చేయాలో కూడా ఆ పాటలోనే ఉంది, చూశారా?

చివరిది, జవాబు చెప్పే పద్ధతి. మొదటి రెండుసార్లు మీరే చెప్పండి. మూడోసారి “తలుపు దగ్గరికెళ్లి చూసి నాకు చెప్పు” అనండి, అదే గొంతుతో. తను చూసి చెప్పాక “అవును, సరిగ్గా చెప్పావు” అని వేరే పనిలోకి దింపండి. మొదటి రెండు మూడు రోజులు ప్రశ్నలు తగ్గకపోవచ్చు, కంగారు పడకండి. ఇంట్లో నానమ్మ, తాతయ్య, అన్న అందరూ ఇదే మాట అనాలి. ఒకరు విసుక్కుంటే చీటీలకు విలువ పోతుంది.

ఒక జాగ్రత్త. ఉన్నట్టుండి కంగారు బాగా పెరిగితే ముందు చెవి, పన్ను, మలబద్ధకం చూపించండి. మందుల మాట వస్తే, గుండె డాక్టరు రిపోర్టు లేకుండా మొదలుపెట్టొద్దు. ఈ సిండ్రోమ్‌లో గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం సన్నబడటం చాలామందిలో ఉంటుంది.

ఈ వారం పని: పెళ్లి లాంటి పెద్దదానితో మొదలుపెట్టకండి. క్షవరమో, బజారుకు వెళ్లడమో, రెండు రాత్రుల దూరంలో ఉన్న చిన్నది ఒకటి ఎంచుకోండి. రోజుకు ఎన్నిసార్లు “ఎప్పుడు?” అన్నారో గీతలు గీయండి. ఆ గీతలతో వచ్చే పాఠానికి రండి. మిక్సీ, కుక్కర్ విజిల్ గురించి మాట్లాడుకుందాం.